తుపాకి, బోరు

తమిళనాడులోని ఎట్టయాపురంలో తెలుగు ఇంటి ‘తుపాకి’ పక్కనున్న తమిళ ఇంట్లో ‘తుప్పాక్కి’. రెంటి మూలమూ తుర్కీ ‘తుఫెక్’.

ఈస్టిండియా కంపెనీని ఎదిరించిన పాలెగాడు కట్టబొమ్మను 1799లో ఉరితీసిన నాడు ఇక్కడి పాలెగాడు కంపెనీ పక్షాన ఉన్నాడు. 1801 డిసెంబరులో కంపెనీ ప్రకటన ఈ పాలెగాళ్ల సీమలో ఆయుధాలు పట్టడాన్నే నిషేధించింది.

నేడు ఆయుధాల విషయంలో పోలీసుకూ పౌరుడికీ నడుమ గీత గీసేది ‘బోరు’, అంటే గొట్టం లోపలి రంధ్రం కొలత. ఇంగ్లీషులో ఈ మాటకు తొలవడమని అర్థం. పొలంలో బోరుబావి, లైసెన్సు కాగితంలో పిస్తోలు, రెండూ ఈ మాటకు చుట్టాలే! ఈషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎం.ఎం. పిస్తోలు పోలీసుల నడుముకి చేరుతుంది, మామూలు పౌరుడికి మాత్రం అది ‘ప్రొహిబిటెడ్ బోర్’, అంటే నిషిద్ధ బోరు. లైసెన్సున్నవాళ్లు ఎక్కువగా కొనేది .32 బోరు. దాన్ని ‘పాయింట్ త్రీ టూ’ అని చదువుతారు.