ప్రతిజ్ఞ – మనస్సాక్షి – చట్టం

ప్రభుత్వ సభల్లో అధికారి ముందు నిలబడి ప్రతిజ్ఞ చదవటం, సభికులు చేయి చాచి ఆ మాటలు పలకటం మనకు పరిచితమైన దృశ్యమే. అరకు లోయలోనైనా, హైదరాబాదులోనైనా పద్ధతి ఒకటే. అయితే అందరితోపాటు గౌరవంగా నిలబడి, పలకకుండా మౌనం వహించినవాడు నేరస్థుడౌతాడా?

అనువాదకుడిగా ముందు ఒక మాట చెప్పాలి. అరబీలో 'యమీన్' అంటే దైవాన్ని సాక్షిగా పెట్టి చేసే ప్రమాణం. 'అహ్ద్' అంటే ఇచ్చిన మాట, ఒడంబడిక. తెలుగులో తరచు రెంటినీ ప్రమాణమనే అంటాం. దివ్య ఖుర్ఆన్ 'మాయిదా' సూరా (5:89) అలవాటుగా నోట దొర్లే ప్రమాణానికీ, సంకల్పపూర్వకంగా చేసే ప్రమాణానికీ తేడా చూపింది. పరిహారం విధించింది రెండవదాన్ని భంగపరచినవారికే. ప్రమాణానికి బలం సంకల్పం వల్ల వస్తుందన్నమాట.

ఈ సత్యాన్ని కంపెనీ పాలకులు అనుభవం మీద తెలుసుకున్నారు. ముస్లింల చేత ఖుర్ఆన్ పైన, హిందువుల చేత గంగాజలం పైన నిర్బంధంగా ప్రమాణం చేయించటం వారి మనస్సాక్షికి విరుద్ధమౌతున్నదనీ, న్యాయానికే ఆటంకమౌతున్నదనీ గుర్తించి, 1840 నాటి 5వ చట్టం ద్వారా దాని స్థానంలో సత్యోద్ఘాటన ప్రవేశపెట్టారు. దానికి ముందు ఏడాదే, 1839లో, విశాఖ మన్యాన్ని సాధారణ న్యాయస్థానాల పరిధి నుండి తప్పించి గవర్నరు ఏజెంటుకు అప్పగించారు. తూర్పు కనుమల ఖోందులు పులిచర్మం మీద, పుట్టమన్ను మీద ఒట్టు వేసేవారని ఆ శతాబ్దపు అధికారులు రాసిపెట్టారు. ఎవరి మనసుకు ఏది పవిత్రమో దాని మీదే వారి మాట నిలుస్తుంది గదా!

నేటి ప్రతిజ్ఞ పుట్టింది కూడా ఈ జిల్లాలోనే. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు దాన్ని తెలుగులో రచించారు. తెన్నేటి విశ్వనాథం గారి ద్వారా అది నాటి విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1964లో కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగుళూరులో జరిగిన విద్యా సలహా మండలి సమావేశం దాన్ని ఆమోదించగా, 1965 జనవరి 26 నుండి దేశమంతటా అమలైంది. 2022 వరకు అరకు కూడా విశాఖ జిల్లాలోనిదే. కువి, ఆదివాసీ ఒరియా ఇంటిభాషలుగా గల కొండపిల్లలు దాన్ని బడి తెలుగులో నేర్చుకున్నారు.

ఇక చట్టం సంగతి. అరకు శాసనసభ్యుడు సభలో కూర్చోవాలంటే రాజ్యాంగం 188వ అధికరణం ప్రకారం ప్రమాణం చేయవలసిందే. చేయకుండా కూర్చుంటే 193వ అధికరణం రోజుకు 500 రూపాయల జరిమానా విధిస్తుంది. అక్కడ కూడా దైవం పేరనో, మనస్సాక్షిగానో చేసే ఎంపిక అతనిదే. సభల్లో పలికే ప్రతిజ్ఞకు అలాంటి శాసనాధారం లేదు. జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం (1971)లో దాని ప్రస్తావన లేదు.

1985లో కేరళలో జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, మతవిశ్వాసం వల్ల పాడని ముగ్గురు పిల్లలను బడి నుండి తొలగించారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టివేసింది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు తెలుగువారే. పాడి తీరాలనే శాసనం ఏదీ లేదనీ, శాఖాపరమైన సర్క్యులర్లతో ప్రాథమిక హక్కులను హరించరాదనీ ఆ తీర్పు సారాంశం. జాతీయగీతానికే ఈ న్యాయం వర్తించినప్పుడు ప్రతిజ్ఞకు వర్తించదనటానికి ఆధారమేముంది?

ఆ పిల్లలు ముస్లింలు కారు. యెహోవా సాక్షులనబడే చిన్న క్రైస్తవ వర్గంవారు. అయినా ఆ తీర్పు మనందరి ఆస్తి. ప్రతిజ్ఞలో ఏ దైవం పేరూ లేదు, ఏ ఆరాధనా లేదు. దేశాన్ని ప్రేమించి, తోటివారిని సోదరులుగా చూస్తామన్న అహ్ద్ అది. ముస్లిం దాన్ని నిస్సంకోచంగా పలకవచ్చు, పలికితే నిలబెట్టుకోవాలి. అదే సమయంలో, పలకలేని పొరుగువాని మౌనానికి కూడా అండగా నిలవాలి. సుబ్బారావు గారు ఏ ఉత్తర్వు లేకుండా, తనంత తానుగా ఆ మాటలు రాశారు. వాటిని పలికేవారి నుండి కూడా అదే స్వేచ్ఛతో రావటమే వాటికి గౌరవం.