నాదెండ్ల ప్రాంతంలో మహిళల చిరువ్యాపారాలు

నరసరావుపేట, చిలకలూరిపేటలకు దగ్గరలో ఉన్న మండల కేంద్రం నాదెండ్ల. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా ఇది గుంటూరు జిల్లాలో ఉండేది. పత్తి, మిరప పండే నేల. గణపవరం చుట్టూ నూలు మిల్లులున్నాయి. పత్తి తీసినా, మిరపకాయలు కోసినా, తొడిమలు వలిచినా ఆడవాళ్ల చేతికొచ్చింది కూలి డబ్బులే. సొంత పెట్టుబడి వాళ్లకు దొరికింది పొదుపు సంఘాలు వచ్చాకనే.

కేంద్రం 1982లో గ్రామీణ మహిళా సంఘాల కోసం డ్వాక్రా పథకం తెచ్చినా, రాష్ట్రంలో దానికి ఊపునిచ్చింది నెల్లూరు జిల్లా మహిళలు. దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం ఫలించి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. సారా కొట్టుకు పోయే సొమ్ము ఇంట్లో మిగలడంతో, రోజుకో రూపాయి దాచే పొదుపు ఉద్యమం మొదలైంది. 1992లోనే జాతీయ గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు, సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే లింకేజీని 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఏర్పడి, వెలుగు పథకం కింద గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు నిలబడ్డాయి. 2004లో సంఘాల అప్పులకు పావలా వడ్డీ పథకం వచ్చింది.

సంఘంలో పది పదిహేనుమంది ఉంటారు. నెలనెలా కూర్చుంటారు, పొదుపు కడతారు, ఎవరికెంత అప్పివ్వాలో తీర్మానం రాసి సంతకాలు పెడతారు. ఒకామె కంతు తప్పితే సంఘం మొత్తానికి ఇబ్బంది గనుక, ఆ నిర్ణయం ఆషామాషీగా జరగదు. వడ్డీ వ్యాపారి గడప తొక్కనక్కర్లేకపోవడం, తన పేరున ఖాతా ఉండడం, పిల్లల చదువు ఆగకూడదన్న పట్టుదల: వ్యాపారానికి పురికొల్పినవి ఇవే. గేదెలు, కుట్టుమిషను, చిల్లర కొట్టు, టిఫిన్ బండి, చీరల అమ్మకం వంటివాటితోనే చాలామంది మొదలుపెడతారు. అప్పులో కొంత సాగుకో, ఫీజులకో పోతుంది. దాన్ని దుబారా అనడం అన్యాయం.

మరోవైపు, ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి ముదిరి, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని అదుపు చేసే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సంఘాల మహిళలకు అప్పులిచ్చే స్త్రీనిధి ఏర్పడింది.

అప్పు పుట్టడం తేలికైంది గాని, సరుకుకు మార్కెట్ దొరకడం ఇంకా కష్టంగానే ఉంది. తొడిమ తీసిన మిరపకాయను ఎండబెట్టి, ఆడించి, లైసెన్సుతో, లేబులుతో కారంగా అమ్మితేనే కూలిని మించిన లాభం ఊళ్లో మిగులుతుంది. ఇలాంటి ఆహార శుద్ధి యూనిట్లకు 2020లో వచ్చిన కేంద్ర పథకం ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు రాయితీ ఇస్తుంది. సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా మూలధనం కూడా అందులో ఉంది. మిరప పండే ఈ మండలంలో సంఘాలు ముందుగా అడిగి తీసుకోవలసిన సాయం ఇదే.