మనిషి ఒక్కడే, పేర్లు పది

గేమ్‌లో ఒక్కడే ఐదు అకౌంట్లు నడిపితే అది ఆటా, మోసమా? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2020 నవంబర్‌లో బ్లిజార్డ్ ఒక గీత గీసింది: అకౌంట్లు ఒకటికి మించి పెట్టుకో, ఒక్క కీ నొక్కితే అన్నీ కదిలే సాఫ్ట్‌వేర్ మాత్రం వాడొద్దు.

మన ఊళ్లలో ఈ గొడవ పొలం గట్ల మీద ఎప్పుడో నడిచింది. 1973 నాటి భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1న అనంతపురంతో సహా రాష్ట్రమంతా అమల్లోకొచ్చింది. ఐదుగురి కుటుంబానికి నేలని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. అంతకు మించింది ప్రభుత్వం తీసుకుని భూమి లేనోళ్లకు పంచాలి.

తప్పించుకునే దారి బినామీ. పర్షియన్ నుంచి వచ్చిన మాట, పేరు లేనిదని అర్థం. కాగితం మీద పేరు ఒకరిది, పంట ఇంకొకరిది. దీన్ని నిషేధిస్తూ 1988లో చట్టమొచ్చింది, 2016లో గట్టిపడింది.

మేజరైన కొడుక్కి వేరే వాటా చట్టమే ఇచ్చింది. అక్కడ పేరు వెనక నిజంగా ఇంకో మనిషి ఉన్నాడు. బినామీలో లేడు. గేమ్‌లో పోయేది లూట్. ఇక్కడ పోయింది ఒక కూలీకి రావాల్సిన నేల. అందుకే పేర్లు కాదు, మనుషుల్ని లెక్కపెట్టండి. మీరేమంటారు?