నెయ్యీ, ఇప్పనూనే

ఎచ్చెర్ల వైపు మైదానపు ఊళ్లలో నెయ్యి కాయడం ఇంటి పని. రాత్రి తోడువేసిన పెరుగును తెల్లారి కవ్వంతో చిలికి, వెన్న తీసి, రెండుమూడు నీళ్లతో కడిగి కూడబెడతారు. నాలుగైదు రోజులకోసారి సన్నసెగ మీద కాస్తారు. చిటపటలు ఆగి, అడుగు మడ్డి ఎర్రబడ్డాక దించి వడగడతారు. తడి పోతుంది కాబట్టి నెలలు నిలవుంటుంది. కిలో నెయ్యికి గేదె పాలు 15 లీటర్ల పైచిలుకు, ఆవు పాలైతే 25 లీటర్ల దాకా కావాలి. పాడి ఉన్న ఇంటికే అది సాధ్యం.

"మీవాళ్లకి నెయ్యి కాయడం కూడా రాదా?" అని ఒక తోటి ఉపాధ్యాయుడు నన్నడిగాడు. రాక కాదు. మా సవర పెద్దల లెక్కలో ఆవు పాలు దూడవి. పశువు దున్నడానికి, చనిపోయినవారికి రాళ్లు నిలిపే గువార్ క్రతువుకి. పితకని పాలకు కవ్వమెందుకు?

కూరకు కొవ్వు మాకు చెట్టు ఇచ్చింది. ఇప్ప పిక్కలు ఎండబెట్టి, పప్పు దంచి, ఆవిరి మీద ఉడికించి, బుట్టలో పెట్టి రెండు చెక్కల మధ్య నొక్కితే నూనె కారుతుంది. చలికాలంలో నెయ్యిలాగే పేరుకుంటుంది. ఈ పోలికే వ్యాపారులకు పనికొచ్చింది. జార్జ్ వాట్ 1889లో అచ్చు మొదలుపెట్టిన ఆర్థిక ఉత్పత్తుల నిఘంటువులో, నెయ్యిలో ఇప్పనూనె కలిపి అమ్ముతారని రాశాడు. మమ్మల్ని వెక్కిరించిన నోళ్లలోకి మా నూనె ఎన్నిసార్లు వెళ్లిందో! 1937లో డాల్డా వచ్చింది, కల్తీకి కొత్త సరుకు దొరికింది.

మరి మన ఇళ్లలో ఇప్పనూనె ఎందుకు తగ్గింది? అప్పు ఒక కారణం. ఉప్పుకీ బట్టకీ అప్పిచ్చిన సాహుకారు అడవి సరుకు తీసుకుపోయేవాడు, తూకం ఆయనదే. ఆ దోపిడీకి అడ్డుగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అయినా సాహుకార్ల పట్టు వదల్లేదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయారు. పోరాటం భూమి గురించీ కూలి గురించీ అని పుస్తకాలు చెబుతాయి, నిజమే. ఆ అప్పుల చిట్టాలో మన వంటింటి నూనె కూడా ఉంది. పిక్కలు అమ్మి, సంతలో నూనె కొనుక్కోవడం అలా అలవాటైంది.

మా అమ్మ నొక్కిన చెక్కలు ఇంకా అటక మీద ఉన్నాయి. ఉపాధ్యాయ మిత్రులారా, జూన్, జూలైల్లో పిక్కలు రాలతాయి. మీ ఊళ్లో అవి నొక్కడం తెలిసిన అవ్వ ఉంటే, పిల్లల్ని ఒక పూట ఆమె దగ్గరికి తీసుకెళ్లండి.