అనుసరించువాడు కర్తయా, కర్మయా?

కార్యాలయములలోని ‘ఎగ్జిక్యూటివ్’, గడియారములోని ‘సెకండు’, న్యాయస్థానములోని ‘సూటు’, మనము నెలకొల్పుకొనిన ‘సొసైటీ’ - ఈ నాలుగు మాటలును ఒకే ధాతువు సంతానమనిన ఆశ్చర్యము కలుగకపోదు. ఆ ధాతువునుండి పుట్టిన లాటిన్ క్రియ ‘సెక్వొర్’. ‘నేను అనుసరించుచున్నాను’ అని దాని యర్థము.

ఈ క్రియ యందొక వింత కలదు. లాటినులో ‘అమత్’ అనగా ప్రేమించుచున్నాడు. ‘అమాతుర్’ అనగా ప్రేమింపబడుచున్నాడు. ‘సెక్వొర్, సెక్వెరిస్, సెక్వితుర్, సెక్విముర్, సెక్విమినీ, సెక్వుంతుర్’ అను వర్తమాన రూపములారును, ‘సెకూతుస్ సుమ్’ అను భూతకాల రూపమును కర్మణి ప్రయోగపు అచ్చులోనివే. అర్థము మాత్రము కర్తరి. ఇట్టి క్రియలు తమదైనదానిని వదలివేసినవని తలచి, ప్రాచీన లాటిన్ వైయాకరణులు వానికి ‘డెపోనెన్స్’, అనగా ‘దింపివేయునది’, అని పేరిడిరి.

నిజమునకు దింపివేసినది లేదు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల చుట్టరికమును ప్రకటించెను. 1816లో ఫ్రాంజ్ బాప్ వాని క్రియారూపములను పోల్చి చూపెను. లాటిన్ ‘సెక్వితుర్’, గ్రీకు ‘హెపెతై’, వేదభాషలోని ‘సచతే’ - మూడును తోబుట్టువులు. సంస్కృతమున ఇది ఆత్మనేపదము. క్రియాఫలము కర్తకే చెందునని దాని భావము. అనుసరించువాడు నడచుటయే కాదు, ఆ నడకకు తానును లోబడును. కాలక్రమమున రోమను జనసామాన్యము ఈ పాతరూపమును వదలి, మామూలు కర్తరి రూపమునే వాడుకొనెను. ఫ్రెంచి ‘స్వీవ్ర్’, ఇటాలియను ‘సెగ్వీరె’ అట్లు పుట్టినవే.

ఈ ధాతువునుండియే ‘సోసియుస్’, అనగా తోడు నడచువాడు, అను మాట వచ్చినది. ఇటలీలోని తన మిత్రరాజ్యముల వారిని రోము ఈ పేరుతోనే పిలిచెను. వారు రోము సేనలతోపాటు పోరాడిరి. పౌరసత్వము మాత్రము వారికి దక్కలేదు. క్రీ.పూ. 91లో వారు తిరుగబడగా, మరుసటి యేడు యూలియా చట్టము విధేయులుగా నిలిచిన మిత్రులకు పౌరసత్వ మొసగినది. తోడు నడచినవానికి ఫలములో పాలు లేకున్న ఆ తోడు నిలువదని రోము గ్రహించుటకు ఒక యుద్ధము కావలసివచ్చెను.

సంస్కృతమున ఆ ‘సచ్’ ధాతువే ‘సచివ’ శబ్దమునకు మూలము. సచివుడనగా మొదట తోడుండువాడు. మంత్రి యను అర్థము పిమ్మట వచ్చినది. సచివాలయమున పనిచేయు మనకు ఆ తొలి యర్థము జ్ఞాపకముండుట మేలు.