మన మెట్రో తీగకీ జ్యూరిచ్‌లో ఆగిన రైలింజన్లకీ లింకేంటి?

ఇవాళ ఎల్బీనగర్‌లో మొదలుపెట్టి స్విట్జర్లాండ్ దాకా వెళ్దాం.

అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో ట్రైన్ పైన కనిపిస్తుందే తీగ, అందులో ఉండేది 25 వేల వోల్టుల ఏసీ. అది నేరుగా మోటార్లకు పోదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది, కన్వర్టర్ దాన్ని డీసీగా మారుస్తుంది, ఆ డీసీని ఇన్వర్టర్ మళ్లీ త్రీ ఫేజ్ ఏసీ చేసి మోటార్లకు ఇస్తుంది.

తిరకాసంతా ఈ కన్వర్టర్‌తోనే. పాత ఫిలమెంటు బల్బుకి వోల్టేజీ తగ్గిందనుకోండి, డిమ్‌గా వెలుగుతుంది, తక్కువ కరెంటుతో సర్దుకుంటుంది. కన్వర్టర్ సర్దుకోదు, నాకు ఇంత పవర్ కావాల్సిందే అంటుంది. ఉదాహరణకి 10 లక్షల వాట్లు లాగే ట్రైన్ తీసుకుందాం. 25 వేల వోల్టుల దగ్గర దానికి 40 ఆంపియర్లు చాలు. వోల్టేజీ 20 వేలకు పడితే 50 లాగుతుంది. అలా లాగేకొద్దీ లైన్లో వోల్టేజీ ఇంకా పడుతుంది. మీ ఫోన్ చార్జర్‌ది కూడా ఇదే బుద్ధి. కాకపోతే అది మరీ చిన్నది, లైన్‌కి దాని లెక్కే లేదు.

ఈ మొండితనాన్ని లెక్కలో పెట్టిన మనిషి అమెరికాలో కాల్‌టెక్ ప్రొఫెసర్ మిడిల్‌బ్రూక్. కన్వర్టర్ లోపల స్విచ్‌లు ఆగకుండా ఆన్, ఆఫ్ అవుతుంటే సమీకరణాలు రాయడమే కష్టం. ఆయన, శిష్యుడు చూక్ కలిసి 1976లో ఒక దారి చూపించారు: ఒక్కో ఆన్-ఆఫ్‌ని వెంబడించకుండా, వాటి సగటు తీసుకుని మోడల్ కట్టడం. అదే ఏడాది మిడిల్‌బ్రూక్ ఇంకో మాట కూడా చెప్పారు. విడిగా బాగా పనిచేసే ఫిల్టర్‌నీ కన్వర్టర్‌నీ కలిపితే మొత్తం ఊగిపోవచ్చు. అలా కాకూడదంటే సప్లై వైపు ఇంపీడెన్స్, కన్వర్టర్ ఇంపీడెన్స్ కంటే చాలా తక్కువ ఉండాలి.

ఇదంతా ల్యాబ్ గొడవ అనుకుంటే పొరపాటే. 1995లో జ్యూరిచ్‌లో కన్వర్టర్లతో నడిచే కొత్త తరం రైలింజన్లు కొన్ని వాటంతట అవే ఆగిపోయాయి. వాటి కంట్రోల్, తీగల నెట్‌వర్క్ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని హార్మోనిక్స్ హద్దు దాటాయి, రక్షణ వ్యవస్థ ఇంజన్లని ఆపేసింది. నన్నడిగితే 1976 పేపర్ల కంటే గట్టి పాఠం ఇదే. రైలింజన్‌ని ఒక్కదాన్నే టెస్ట్ చేస్తే సరిపోదు, అది నడిచే లైన్‌తో కలిపి చూడాలి. ఇప్పుడు యూరప్ ప్రమాణం ఈఎన్ 50388 అడిగేది కూడా అదే.

కలిపి చూడటం అంటే చాలా లెక్కలే ఉన్నాయి. ఒకే సెక్షన్లో ఎన్ని ట్రైన్లు ఉన్నాయి, అందులో ఏది స్పీడ్ అందుకుంటోంది, ఏది బ్రేక్ వేస్తోంది... బ్రేక్ వేసినప్పుడు మోటార్ జనరేటర్‌గా మారి కరెంటుని తీగకే తిప్పి పంపుతుంది. అప్పుడు ఆ సమీకరణంలో పవర్ గుర్తు తిరగబడుతుంది. చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగే లోపే ఒక ట్రైన్ ఈ రెండు పాత్రలూ పోషించేస్తుంది, మోడల్ రెండిట్లోనూ ఊగకుండా నిలబడాలి.