చౌడు నుండి సబ్బుపొడి దాకా

నెల మొదట సరుకుల పద్దు వ్రాసుకొనే గృహస్థులు ఒక విషయం గమనించే ఉంటారు. బియ్యం, పప్పుల తరువాత ఎక్కువ చోటు ఆక్రమించేవి శుభ్రతకు సంబంధించిన సరుకులే. బట్టలకొక పొడి, గిన్నెలకొక సబ్బు, నేలకొక ద్రవం, కారుకొక సీసా! ఇన్ని పేర్ల వెనుక పనిచేసే ద్రవ్యాలు మాత్రం బహు కొద్ది. వాటిలో ముఖ్యమైన క్షారం చరిత్ర తెలిస్తే, ఎక్కడ పొదుపు చేయవచ్చునో, ఎక్కడ చేయరాదో తేటతెల్లమవుతుంది.

మనుస్మృతి అయిదవ అధ్యాయంలోని ద్రవ్యశుద్ధి ప్రకరణం ఒక్కొక్క రకం వస్త్రానికి ఒక్కొక్క శోధకాన్ని చెప్పింది. చౌటిమన్ను, కుంకుడుకాయ, మారేడుకాయ, తెల్లావాలు అందులో పేర్కొన్నవి. చౌటిమన్నును సంస్కృతంలో 'ఊషం' అన్నారు. ఊషరక్షేత్రమనే మాట దానినుండి వచ్చినదే. కుంకుడుకు 'ఫేనిలం' అని పేరు. నురుగు కలది అని అర్థం. ఐరోపా శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ వృక్షజాతికి పెట్టిన 'సపిండస్' అనే పేరుకు సైతం 'భారతదేశపు సబ్బు' అనే అర్థం కావడం గమనార్హం.

పంట పండని చౌటినేల రైతుకు శాపమైతే, రజకులకు నిధి. నేలపై తెల్లగా పేరుకొన్న పొరను గీకి తెచ్చి, ఆ నీటిలో బట్టలు నానవేసి, బానలో ఆవిరి పట్టించి, రేవున ఉతికేవారు. ఆ పొరలో ఇతర లవణాలతో పాటు సోడియం కార్బొనేటు ఉంటుంది. గిన్నెలు తోమిన కట్టెల బూడిదలో ఉండేది పొటాషియం కార్బొనేటు. రెండూ జిడ్డును విడగొట్టే క్షారాలే. ఏ చౌడు బట్టను తెల్లబరుస్తుందో, ఏది చివుకజేస్తుందో ఆ వృత్తివారు అనుభవంతో ఎరుగుదురు. రసాయనశాస్త్రం పేరు వినకుండానే దానిని తరతరాలుగా ఆచరించిన ఆ శ్రామికులకు గ్రామం ఇచ్చిన ప్రతిఫలం కళ్ళంలో కొలిచిన మేర గింజలు, పూటకింత అన్నం. సంపన్న గృహాల పొదుపు చాలాకాలం వారి చాకిరీపై నిలిచిందన్న సంగతిని చరిత్ర వ్రాసేవారు దాచరాదు.

ఇదే క్షారాన్ని సాధారణమైన ఉప్పు నుండి తయారుచేసే విధానానికి ఫ్రాన్సు దేశంలో నికొలా లెబ్లాంక్ 1791లో హక్కు పొందాడు. విప్లవకాలంలో కర్మాగారాన్ని పోగొట్టుకొని, 1806లో ఆత్మహత్య చేసుకొన్నాడు. 1861లో బెల్జియంవాడైన ఎర్నెస్ట్ సాల్వే ఉప్పునీరు, సున్నపురాయి, అమోనియాలతో మరింత చౌకైన మార్గం కనిపెట్టాడు. 1888లో లీవర్ సోదరుల 'సన్‌లైట్' సబ్బు కలకత్తా రేవులో దిగింది. ఉప్పు, సున్నపురాయి రెండూ లభించే గుజరాత్ తీరాన, మీఠాపూర్‌లో, 1939లో టాటా కెమికల్స్ సంస్థ వెలసింది.

1959లో హిందుస్థాన్ లీవర్ సంస్థ 'సర్ఫ్' పొడిని ప్రవేశపెట్టింది. అది సామాన్యుని అందుబాటులో లేదు. 1969లో అహమ్మదాబాదులో ప్రభుత్వ ప్రయోగశాల ఉద్యోగి కర్సన్‌భాయ్ పటేల్ తన ఇంటి పెరట్లో ఒక పొడి కలిపి, సైకిలుపై ఇంటింటికీ తిరిగి అమ్మాడు. కుమార్తె నిరుపమ పేర అది 'నిర్మా' అయింది. ధర సర్ఫు ధరలో సుమారు నాలుగవ వంతు. అందులో ప్రధాన ద్రవ్యం సోడాయే! పేరుగల సంస్థ 1980ల చివర 'వీల్' అనే చౌక పొడిని తేక తప్పలేదు. అయితే సోడా పాలు ఎక్కువైన పొడి చేతులను మండిస్తుందన్న విమర్శలోనూ సత్యముంది. చౌకకు కూడా ఒక వెల ఉంటుంది.

ఈ చరిత్ర మన వంటింటికి చెప్పేదేమిటి? చాలా ఊళ్ళ బోరునీరు కఠినజలం. అందులోని సున్నపు లవణాలు సబ్బును మింగివేస్తాయి. బకెట్టు నీటిలో ముందుగా ఒక చెంచా బట్టల సోడా కరగిస్తే ఆ లవణాలు విడిపోయి, తక్కువ సబ్బే సరిపోతుంది. జిడ్డుపట్టిన పొయ్యిగట్టుకూ సోడా కలిపిన వేడినీరు చాలు. పట్టు, ఉన్ని బట్టలకు సోడా తగదు, వాటి పోగు దెబ్బతింటుంది. అక్కడ కుంకుడురసమే శ్రేష్ఠం. అల్యూమినియం పాత్రలకూ సోడా పనికిరాదు, లోహాన్ని తినివేస్తుంది.

కారు విషయంలోనూ ఇదే వివేకం కావాలి. బ్యాటరీ కొనలపై పేరుకొనే తెల్లని, పచ్చని పొర ఆమ్లం వలన కలిగేది. ఇంజను ఆపి, తీగలు విప్పి, వంటసోడా కలిపిన నీటితో పాత పళ్ళకుంచె ముంచి రుద్దితే ఆమ్లం శాంతిస్తుంది. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకుండా చూసుకొని, పిదప తడి పూర్తిగా తుడవాలి. దీనికి ప్రత్యేకమైన సీసా కొననక్కరలేదు. కారు పైరంగుకు మాత్రం సోడా తగలనీయరాదు, మెరుపు పోతుంది. అక్కడ కారు షాంపూకు పెట్టిన డబ్బు వృథా కాదు.

చౌకగా కొనడం వేరు, పొదుపు వేరు. మొదటిదానికి ధర తెలిస్తే చాలు. రెండవదానికి వస్తువు గుణం తెలియాలి. ఆ గుణజ్ఞానం ఒకనాడు చాకిరేవున ఉండేది. నేడు డబ్బా వెనుక చిన్న అక్షరాలలో ఉంది. సరుకు కొనేముందు వాటిని ఒకసారి చదవవలసిందిగా పాఠకులకు నా మనవి.